ఎడమ పక్క రెండు చక్రాలు

కారు తన చక్రాల మీద తాను నడిచి రాకుండా డీసీఎం వ్యాను ఎక్కి ఇంటికొస్తే ఏ ఇల్లాలైనా ముందు మొగుడి ఒంటి మీద దెబ్బలున్నాయేమో చూస్తుంది. నేను చక్రాలు చూశాను.

నన్ను తప్పు పట్టకండి, నా పెంపకం అలాంటిది. మా నాన్న కారేపల్లిలో అడవి సరుకు కొనే వ్యాపారి. సీజను వస్తే పినపాక దాకా సంతలన్నీ తిరిగి ఇప్పపువ్వు, చింతపండు, కరక్కాయ కొనేవాడు. నేను ఆయన కాంటా పక్కన కూర్చుని పెరిగాను. మాట్లాడేవాడి నోరు చూడొద్దు, చెయ్యి చూడు అని ఆయన నాకు చెప్పిన చదువు అదొక్కటే. ఆసిఫ్‌ను చేసుకుని జూలూరుపాడు వచ్చాక కూడా అది మర్చిపోలేదు. మా అత్తింటివాళ్లు దాన్ని అనుమానం అంటారు. నేను జాగ్రత్త అంటాను.

రోహిణి ఎండలు పోయి, మృగశిర చినుకు ఇంకా మా ఊళ్లో పడని రోజులు అవి. వ్యాను మీది నుంచి పలకల మీదుగా కారును కిందికి జార్చారు. ఎడమ పక్క ముందు చక్రం, వెనక చక్రం, రెండూ పోయాయి. రిమ్ముల అంచులు విరిగి నోళ్లు తెరిచాయి. రెండు టైర్లకూ పక్క గోడ మీద చెయ్యి దూరేంత కోత ఉంది. చక్రాల నిండా తడి బురద. కుడి పక్క చక్రాలకు గీత కూడా పడలేదు. బాడీ చెక్కు చెదరలేదు.

"ఏమైంది?" అని అడిగాను.

"కారేపల్లి రోడ్డుల గుంత. చూసుకోలె."

"ఎవరన్న ఉన్నరా బండిల?"

"ఒక్కణ్నే ఉన్న. దోస్తును చూడబోయిన."

ఆ రెండు మాటలూ అతను నల్లా వైపు చూస్తూ చెప్పాడు. నల్లాలో నీళ్లు రావడం లేదు, చూడ్డానికి అక్కడ ఏమీ లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ కారు నా పేరు మీద ఉంది. నా గాజులు అమ్మి కట్టిన సొమ్ముతో, మిగతాది ఫైనాన్సు మీద కొన్నాం. దానిది తెల్ల నంబరు ప్లేటు. అంటే సొంతానికి వాడుకోవాలే తప్ప కిరాయికి తిప్పకూడదు. మా వైపు కిరాయికి తిరగని తెల్ల ప్లేటు బండి ఉంటే చూపించండి, సలాం కొడతాను. ఆసిఫ్ భద్రాచలం, పర్ణశాల యాత్రికులను తిప్పేవాడు, పేషెంట్లను ఖమ్మం దవాఖానాలకు తీసుకుపోయేవాడు. మా ఇల్లు ఆ చక్రాల మీదే నడిచేది. ఇన్సూరెన్సు కూడా నా పేరు మీదే ఉంది కాబట్టి, ఏ కాగితం కదలాలన్నా నా సంతకం కావాలి. నిజం తెలియకుండా నేను సంతకం పెట్టేదాన్ని కాదు. ఆ వానకాలం మా ఇంట్లో జరిగిన గొడవంతా ఇదే.

సాయంత్రం కారు లోపల తుడుస్తుంటే డ్రైవరు సీటు కింద చేతికి ఆకు తగిలింది. మోదుగ ఆకు పొట్లం, పుల్ల గుచ్చి ఉంది. విప్పితే గుప్పెడు వడ్లు. వడ్లు వడ్ల రంగులో లేవు, ఎండిన నెత్తురు పట్టి నల్లగా, ఎర్రగా ఉన్నాయి.

మా నాన్న వెంట తిరిగినదాన్ని కాబట్టి నాకు తెలుసు. కోయ గూడేల్లో విత్తనాలు చల్లే ముందు భూమి పండగ చేస్తారు. కోడిని కోసి ఆ నెత్తురు విత్తనాలకు కలుపుతారు. ఆ పండగ రోజుల్లో మగవాళ్లు వేటకు పోతే, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా దుంగ పెట్టి, పాటలు పాడుతూ వచ్చే పోయే బండ్లను ఆపుతారు. పదో ఇరవయ్యో ఇస్తే దుంగ లేపి దారి వదులుతారు. ఇవన్నీ పినపాక వైపు అడవిలో జరుగుతాయి. కారేపల్లి రోడ్డు మీద గుంతలో పడ్డవాడి సీటు కిందికి ఆ విత్తనం ఎలా వస్తుంది? పైగా నెత్తురు నెత్తురే. అది కోడిదో ఇంకెవరిదో రంగు చూసి చెప్పడం నా వల్ల కాదు.

పొట్లం మళ్లీ కట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆసిఫ్‌ను ఏమీ అడగలేదు. అడిగితే ఇంకో అబద్ధం తయారు చేసుకుంటాడు.

చీకటి పడే వేళకు రాజు వచ్చాడు. రాజు ఇన్సూరెన్సు ఏజెంటు, ఆసిఫ్‌కు చిన్నప్పటి దోస్తు. పాలసీ చేయించేటప్పుడు, వదినా, ఇది బంపర్ టు బంపర్, మీరు కళ్లు మూసుకుని పడుకోవచ్చు అని చెప్పింది ఇతనే. ఇప్పుడు చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి నాలిక కరుచుకున్నాడు. టైర్లు ఒక్కటే పోతే రాదట. వాటికి వేరే కవరు ఉంటుందట, మనం అది తీసుకోలేదట. బండికి కూడా దెబ్బ తగిలితేనే ఏదో కొంత ఇస్తారట.

బంపర్‌కీ బంపర్‌కీ మధ్యలోనే కదా చక్రాలున్నాయి అన్నాను. రాజు నవ్వి, కంపెనీవాళ్ల లెక్క వేరు వదినా అన్నాడు. తర్వాత ఇద్దరూ కారు అవతలికి పోయి చాలాసేపు గుసగుసలాడారు. నేను కిటికీ దగ్గర మెంతికూర తెంపుతూ నిలబడ్డాను కానీ ఒక్క ముక్క వినపడలేదు.

పొద్దున లేచేసరికి కారు ఎడమ పక్క, ముందు చక్రం పైన ఇంత సొట్ట ఉంది. వంటింట్లోకి పోయి చూస్తే కారం దంచే రోకలి ఎప్పుడూ ఉండే మూలలో లేదు, తలుపు వెనక ఉంది. దాని పొన్నుకు ఎర్ర రంగు పెచ్చు అంటుకుని ఉంది. ఇంట్లో ఎర్ర రంగున్నది కారు ఒక్కటే. నేను రోకలి కడిగి దాని మూలలో దాన్ని పెట్టాను. ఆసిఫ్ చాయ్ తాగుతూ నన్ను చూసి, కప్పులోకి తల వంచుకున్నాడు.

సర్వేయరు జైరాం సారు ఆ మధ్యాహ్నమే వచ్చాడు. సన్నగా, నోట్లో మాట లేని మనిషి. చాయ్ ఇస్తే వద్దన్నాడు, మంచినీళ్లు కూడా తన సీసాలోవే తాగాడు. మొహమాటంలో పడకూడదని కాబోలు. ఆ మనిషి నాకు నచ్చాడు, నాలాంటి మనిషి. టైరు కోతలో వేళ్లు పెట్టి చూశాడు. సొట్ట మీద చేతి రుమాలుతో తుడిచి, రుమాలు చూసుకున్నాడు.

"చక్రాల నిండ బురద ఉన్నది. ఈ సొట్టల మాత్రం లేదు," అన్నాడు నాతో. "మీ ఊర్ల వాన పడ్డదా అమ్మా?"

"పడలె సారూ," అన్నాను. నిజమే కదా.

ఆయన విరిగిన చక్రాలు రెండూ ఊడదీసి పక్కన పెట్టమన్నాడు. తను చెప్పేదాకా పారేయొద్దు, బాగు చేయించొద్దు అన్నాడు. గుంత ఉన్న చోటు చూపించమని ఆసిఫ్‌ను వెంటబెట్టుకుని పోయాడు. అక్కడ గుంతలు చాలా ఉన్నాయట గానీ, రిమ్మును విరిచే రాతి అంచున్న గుంత ఒక్కటీ లేదట. ఈ సంగతి ఆసిఫ్ చెప్పలేదు, తర్వాత రాజు నోరు జారితే తెలిసింది.

అలా మొదలైంది వానకాలం. కారు ఎడమ పక్క బండరాళ్ల మీద, కుడి పక్క చక్రాల మీద ఒరిగి వాకిట్లో నిలబడింది. విరిగిన చక్రాలు వరండాలో నా కళ్లెదుట ఉన్నాయి. ఆసిఫ్ ఎవరిదో ట్రాలీ ఆటో కూలీకి తోలడం మొదలుపెట్టాడు. పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాడు. పత్తి మందులు, సిమెంటు, ఏది ఎక్కడికి అన్నా పోయేవాడు గానీ పినపాక వైపు అంటే మాత్రం కడుపులో నొప్పి వచ్చేది. ఒకసారి రెట్టింపు కిరాయి ఇస్తామన్నా పోలేదు.

నేను పేపరు జిల్లా పేజీ చదవడం మొదలుపెట్టాను. గుర్తు తెలియని వాహనం ఢీకొని అని ఎక్కడ కనపడ్డా ముందు తేదీ చూసేదాన్ని. మణుగూరు రోడ్డు మీద ఒక పశువుల కాపరి, ఏడూళ్ల దగ్గర ఒక ముసలామె. తేదీలు కలవకపోతే ఊపిరి పీల్చుకునేదాన్ని. ఒక పక్క మొగుడి మీద కోపం, ఇంకో పక్క వాడు ఎవరి ప్రాణమన్నా తీశాడేమో అన్న భయం. రెండూ కలిసి నన్ను తినేశాయి. అన్నం పెట్టేటప్పుడు అతని చేతులు చూసేదాన్ని. అవే చేతులు, తేడా ఏమీ కనపడేది కాదు.

పైగా ఫోన్లు. తెలియని నంబరు నుంచి వచ్చేవి, చూసి కట్ చేసేవాడు. ఒకరోజు స్నానానికి పోయినప్పుడు మోగితే నేను ఎత్తాను. ఆడ గొంతు.

"ఎర్ర కారు అన్ననా? మేం రావాలె. మా దిక్కు నుంచి ఒకటి తేలాల్సి ఉన్నది," అంది. ఇంతలో సిగ్నలు పోయింది.

ఇక ఆగలేకపోయాను. ఆసిఫ్ తల తుడుచుకుంటూ బయటికి రాగానే బీరువా తెరిచి ఆకు పొట్లం అతని ముందు పెట్టాను. చూడగానే అతని మొహం వడలిపోయింది.

"ఎవరికన్న తాకిందా బండి?" అని అడిగాను.

"లే. ఎవరికి తాకలె."

"మరి ఏమైంది, చెప్పు."

"చెప్తే నమ్ముతవా నువ్వు?"

"చెప్పి చూడు."

అతను నా వైపు చూశాడు. తువాలు తీగ మీద వేసి, చొక్కా వేసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి మా మధ్య మాట అంటే ఉప్పు ఉందా, కారం సరిపోయిందా అన్నంతే.

ఆషాఢం ముసురులో రాజు మళ్లీ వచ్చాడు, ఈసారి కాగితంతో. ముందు చెప్పిన కథ పారలేదు కనుక కొత్త కథ అల్లుకొచ్చాడు. కారు పినపాక అడవి రోడ్డు మీద సొంత పని మీద పోతుండగా, గూడెం జనం రోడ్డుకు అడ్డంగా దుంగ పెట్టి డబ్బులడిగారట. ఇవ్వనంటే రాళ్లతో, గొడ్డళ్లతో బండి మీద పడ్డారట. భయపడి ముందు వేరే చోటు పేరు చెప్పామట. మనుషులు దాడి చేసి పాడు చేస్తే పాలసీలో వస్తుందట. ఒక ఫిర్యాదు పోలీస్ స్టేషన్‌లో ఇస్తే చాలట, ఆ గూడెం వాళ్లను ఎవరు వచ్చి అడుగుతారు వదినా అన్నాడు.

ఆసిఫ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "గట్ల జరిగిందా?" అని అతన్ని అడిగాను.

"రాసింది రాసినట్టు ఉండనియ్యి," అన్నాడు, నల్లా వైపు చూస్తూ.

ఆలోచించి పెడతానన్నాను. ఎల్లుండి జైరాం సారు వస్తాడు, అప్పటికి పెట్టి ఉంచండి అని కాగితం టీవీ మీద పెట్టి రాజు వెళ్లాడు. ఆలోచించడానికి నాకు ఏముంది? పినపాక అడవిలో ఏదో జరిగింది. జరిగినదాన్ని కప్పడానికే ఇన్ని కథలు. నేను సంతకం పెడితే ఆ కప్పేది నా చెయ్యే అవుతుంది. పెట్టకపోతే కారు ఆ బండల మీదే కుళ్లిపోతుంది, ఫైనాన్సువాళ్లు వచ్చి ఉన్నది ఉన్నట్టు ఎత్తుకుపోతారు.

ఎల్లుండి వచ్చింది. ఆసిఫ్ ట్రాలీ మీద పోయాడు, కావాలనే పోయాడని నా అనుమానం. జైరాం సారు వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. రాజు కాగితం విప్పి, పెన్ను మూత తీసి నా చేతికిచ్చాడు. వాన అప్పుడే తెరిపి ఇచ్చింది.

గేటు దగ్గర ఇద్దరు మనుషులు కనిపించారు. తల మీద ప్లాస్టిక్ సంచి కప్పుకున్న ముసలాయన, నడి వయసు ఆడమనిషి. ఇద్దరి భుజాలకూ తలా ఒక చక్రం వేలాడుతోంది. టైరు, ఇనుప రిమ్ము అన్నీ ఉన్న పెద్ద చక్రాలు, తాడు కట్టి మోసుకొచ్చారు. బస్సులో తెచ్చి, బస్టాండు నుంచి దారి అడుగుతూ నడిచి వచ్చారట. ఎర్ర కారు ఆసిఫ్ ఇల్లు ఇదేనా అని అడిగారు.

ఆ గొంతు ఫోన్‌లో విన్నదే. నా చేతిలో పెన్ను జారింది. వచ్చేశారు, పోయిన మనిషి తరఫున వచ్చేశారు అనుకున్నాను. రాజు లేచి, తర్వాత రండ్రి, ఇప్పుడు సార్లు ఉన్నరు అని వాళ్లను గేటు అవతలికి నెట్టబోయాడు. ముసలాయన కదల్లేదు. చక్రం దింపి దాని మీదే కూర్చున్నాడు.

"ఎవరన్న సచ్చిపోయిన్రా?" అని అడిగాను. సర్వేయరు ఉన్నాడన్న ధ్యాస కూడా నాకు లేదు.

ఆ ఆడమనిషి వింతగా చూసింది. "సచ్చేదాన్ని నేనే. సావలె," అంది.

ఆమె పేరు జంపక్క, ఆయన ముసలయ్య, ఆ గూడెం పెద్ద. జంపక్క చెప్పింది ఇది. పండగ రోజు దుంగ పట్టుకున్నవాళ్లలో ఆమె ముందుంది. అప్పుడే అక్కడ జల్లు పడి రోడ్డు జారుతోంది. ఎర్ర కారు వచ్చింది. వెనక సీట్లో ప్యాంటు చొక్కాల మనుషులు, ఆపకు, పోనియ్యి, వాళ్లే లేపుతరు అని అరుస్తున్నారు. డ్రైవరు మాత్రం మెల్లగానే వస్తున్నాడు. ఆమె దుంగ లేపబోయి కాలు జారి బండి ముందు పడింది. డ్రైవరు బండిని ఎడమకు కోశాడు. ఎడమ పక్క కల్వర్టు అంచు విరిగి రాళ్లు తేలి ఉంది. ముందు చక్రం, దాని వెంట వెనక చక్రం ఆ రాళ్ల మీద పడి పగిలిపోయాయి.

"నా జుట్టు కాడి నుంచి పోయింది బండి," అంది జంపక్క. "గాయన దిగి నన్ను లేపిండు. వణుకుతున్నడు. జావ తాగిపిచ్చినం. ఇత్తనం పెట్టిచ్చినం. పేరు, ఊరు, ఫోను నంబరు అడిగి రాసుకున్నం."

జైరాం సారు కుర్చీలో ముందుకు వంగాడు. వెనక సీట్లో ఉన్నవాళ్లు ఎవరు అని అడిగాడు.

"కిరాయి సార్లు," అన్నాడు ముసలయ్య. "పర్ణశాల పోతున్నరట. కిరాయి గూడ ఇయ్యకుంట తిట్టుకుంట వేరే బండి ఎక్కి పోయిన్రు."

రాజు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. తెల్ల ప్లేటు బండి కిరాయికి పోయిందని సర్వేయరు చెవిన పడ్డాక ఇక మిగిలేది ఏమీ లేదు. ముసలయ్యకు అవేవీ తెలియవు, ఆయన తన దారిన చెప్పుకుపోతున్నాడు. పండగ నాడు తమ దుంగ దగ్గర జరిగిన నష్టం తమదేనట. అది తీర్చకుండా విత్తితే మొలక రాదట. ఫోన్ చేస్తే ఎత్తలేదు, విత్తే పొద్దు దాటిపోతుందని విత్తారు, అన్నట్టే ఆ ఏడు మొలక పలచగా వచ్చింది. అందుకని దుంగ దగ్గర వచ్చిన పండగ డబ్బులన్నీ పోగేసి మణుగూరులో ఈ చక్రాలు కొన్నారట.

జైరాం సారు వాళ్ల వైపు, నా వైపు, రాజు వైపు చూశాడు. పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

"వీళ్లెవరో మీకు తెల్సా అమ్మా?" అని నన్ను అడిగాడు.

ఇప్పుడు తలుచుకుంటే ఆయన నాకు ఒక దారి ఇచ్చాడనిపిస్తుంది. తెలియదు సారూ, ఎవరో పిచ్చోళ్లు అంటే ఆయన లేచి పోయేవాడేమో. నా సంతకం కోసం కాగితం అక్కడే ఉంది. అందులో ఈ జంపక్క గొడ్డలి పట్టుకుని మా కారు మీద పడింది.

"తెల్సు," అన్నాను. "మా ఆయన కోసం వచ్చిన్రు. వాళ్లు చెప్పిందే రాసుకోండ్రి సారూ."

కింద పడ్డ పెన్ను తీసి రాజుకిచ్చాను. సారు అదే రాసుకున్నాడు. పోయే ముందు మాత్రం చాయ్ ఉంటే ఇయ్యమ్మా అని అడిగి తాగాడు. రాజు ఆ నెలంతా మా గేటు దాటి లోపలికి రాలేదు. క్లెయిము సంగతి అక్కడితో ముగిసింది.

సారూ రాజూ వెళ్లాక నేను చేసిన మొదటి పని వంటింట్లోకి పోయి ఏడవడం. ఎవరూ చావలేదు. నా మొగుడు ఎవరినీ చంపలేదు. కళ్లు తుడుచుకుని, వచ్చినవాళ్లకు గంజి తీసుకుని బయటికి వచ్చేసరికి ముసలయ్య కారు దగ్గర చతికిలబడి, బండరాళ్ల మీదున్న ఎడమ పక్కను పరీక్షగా చూస్తున్నాడు.

"బిగిపియ్యి బిడ్డా. బండి నిలబడ్డంక పోతం," అన్నాడు.

అవి జీపు చక్రాలు. మా చిన్న కారుకు అవి పట్టవు. సంగతి మెల్లగా చెప్పాను. ఆయన నా మొహం వైపు చూడలేదు, చేతుల వైపు చూశాడు.

"నువ్వు కాంటా సాయిబు బిడ్డవు గదా," అన్నాడు. "కారేపల్లి సాయిబు. మా సంతకొచ్చెటోడు. నువ్వు చిన్న పోరివి, రిబ్బన్లు కట్టుకుని పక్కన కూసునేదానివి. ఇప్పపువ్వు తెస్తే తడున్నదని రెండు దోసిళ్లు తీసేటోడు మీ నాయన."

మా నాన్న అలా తీసేవాడు. అప్పుడు పువ్వులో నిజంగా తడి ఉండేదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

"పైసలిస్తే మల్ల లెక్క వేరేగ చెప్తరని వస్తువే తెచ్చినం. ఇప్పుడు వస్తువు పట్టదంటవు," అన్నాడు ఆయన. అందులో కోపం లేదు. తెలిసిందే కదా అన్నట్టు అన్నాడు.

"ఒట్టు తాతా, పట్టయి," అన్నాను. నేను నిజమే చెబుతున్నాను. జీవితంలో అంత నిజం ఎప్పుడూ చెప్పి ఉండను. ఆయన నమ్మలేదు. అల్లా మీద ఒట్టు వేసినా నమ్మేవాడు కాదు, నా కాంటా చదువు ఆయనా చదివాడు. చెప్తే నమ్ముతవా అని ఆసిఫ్ నన్ను చూసిన చూపు అప్పుడు గుర్తొచ్చింది. నాకు చాలా సిగ్గేసింది.

చివరికి ఆయన చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి తీసుకుపోయాను. చక్రం ఊడదీసిన చోట బోల్టులు నాలుగున్నాయి, ఒక్కొక్కదాని మీద ఆయన వేలు పెట్టించాను. తర్వాత జీపు రిమ్ము మీద పెట్టించాను. ఐదో రంధ్రంలో వేలు ఉంచి ఆయన కాసేపు అలాగే కూర్చున్నాడు. జంపక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తమ మాటలో ఏదో అని, మణుగూరు కొట్టువాడు ముంచిండు అని మళ్లీ తెలుగులో అంది.

బస్టాండు పక్కన షుకూర్ భాయ్‌ది టైర్ల షాపు. ముగ్గురం ఆ జీపు చక్రాలు దొర్లించుకుంటూ అక్కడికి పోయాం. షుకూర్ భాయ్ వాటిని తన్ని చూసి, పాతవి, పగుళ్లున్నాయి, ఏం పనికొస్తాయి అని మొదలుపెట్టాడు. నేను కొంగు నడుముకు దోపాను. మా నాన్న నేర్పిన బేరం అంతా ఆ రోజు ముసలయ్య తరఫున ఆడాను. గోటితో రబ్బరు గీకి చూపించాను, లేచి పోబోయాను, మళ్లీ కూర్చున్నాను. ముసలయ్య ఒక మూల నిలబడి ఒకసారి షుకూర్ భాయ్ చేతులు, ఒకసారి నా చేతులు చూస్తూనే ఉన్నాడు. ఆ రెండు జీపు చక్రాలకు బదులు మా కారుకు పట్టే నల్ల ఇనుప చక్రం ఒకటి, టైరుతో సహా, తేలింది. అంతకన్నా రాలేదు, మా నాన్న వచ్చినా రాబట్టలేడు.

ముందు చక్రం బిగించారు. కారు ముందు భాగం బండల మీది నుంచి దిగింది. ముసలయ్య దాన్ని అరచేత్తో తట్టి, ఇంకోటి బాకీ ఉన్నది అన్నాడు. వద్దు తాతా, అది మా వంతు అన్నాను. ఆయన ఒప్పుకున్నాడో లేదో తెలియదు. బస్సు ఎక్కే ముందు మాత్రం, ఇత్తనం చల్లిన్రా అని అడిగాడు. దాన్ని సాక్ష్యంగా బీరువాలో దాచానని చెప్పలేకపోయాను. చల్లుతం అన్నాను.

ఆసిఫ్ వచ్చేసరికి మసక పడింది. గేటు తీసి, కారు చూసి ఆగిపోయాడు. నల్ల చక్రం ముందు గొంతు కూర్చుని దాన్ని తడిమాడు.

"వాళ్లొచ్చిన్రా?" అన్నాడు.

"అవ్."

"అంత చెప్పిన్రా?"

"చెప్పిన్రు. సర్వేయరు సారుకు గూడ చెప్పిన్రు."

అతను ఇంకా తల ఎత్తలేదు. క్లెయిము పోయిందా అని అడుగుతాడనుకున్నాను, అడగలేదు. "కిరాయి మాట బయట పడొద్దని రాజు అన్నడు. నీకు గూడ చెప్పొద్దన్నడు, సంతకం పెట్టేదానివి గదా అని," అన్నాడు. చక్రం తడుముతూనే, "చెప్పినా నువ్వు నమ్మకపోదువు," అన్నాడు.

"నమ్మకపోదును," అన్నాను. "అయినా చెప్పాల్సింది."

అతని పక్కన నేనూ కూర్చున్నాను. అబద్ధం చెప్పినందుకు కోపం అప్పుడూ పోలేదు, ఇప్పుడూ పూర్తిగా పోలేదు. నా అనుమానం తప్పూ కాలేదు, అతను నిజంగానే దాచాడు. కానీ వాడు దాచింది ఒక మనిషిని బతికించిన సంగతి. అలాంటి సంగతిని పెళ్లానికి చెప్పుకోలేకపోయినవాడి మీద ఎంతసేపని కోప్పడతాం.

మర్నాడు ఆ నెత్తురు వడ్లు బావి పక్క తడి నేలలో చల్లాను. అదను దాటిపోయింది, అయినా కొన్ని మొలిచాయి. రెండో నల్ల చక్రం పత్తి తీతల నాటికి ఆసిఫ్ కూలి డబ్బులతో వచ్చింది. ఇప్పుడు మా కారుకు కుడి పక్క మెరిసే చక్రాలు, ఎడమ పక్క నల్ల చక్రాలు. రోకలి సొట్ట అలాగే ఉంది, దాన్ని తీయించనివ్వలేదు నేను. ఈ ఏడు భూమి పండగ నాడు ఆ దుంగ దగ్గర మా కారు ఆగితే జంపక్క డబ్బులు పుచ్చుకున్నాకే దుంగ లేపిందట, చుట్టరికం చుట్టరికమే, పండగ పండగే అందట.

ఆసిఫ్ ఇంటికి రాగానే ఎక్కడి నుంచి అని ఇప్పటికీ అడుగుతాను. అడగడం మాననని అతనికీ తెలుసు. కాకపోతే, అతను చెప్పడం అయ్యేదాకా చక్రాల వైపు చూడను.